పాత ట్రక్కుకు డ్రమ్ బ్రేకులు తీసి డిస్క్ బ్రేకులు బిగించడం ఎలా?

పాత పికప్ ట్రక్కు మీద లోడుతో కొండదారి దిగినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. మొదటి మలుపులో గట్టిగా పట్టిన బ్రేకు, నాలుగైదు మలుపులు దాటేసరికి కాలి కింద లోతుకు దిగిపోతుంటుంది. డ్రమ్ లోపలి నుంచి దాన్ని ఒత్తి పట్టే లైనర్లు అరిగిపోయి కాదు. వేడికి డ్రమ్ వ్యాకోచించి లైనర్లకు దూరంగా జరుగుతుంది, లైనర్ల పట్టు కూడా తగ్గుతుంది. చక్రంతో పాటు తిరిగే పళ్లెం లాంటి డిస్క్ అలా కాదు. వేడెక్కినా, రెండువైపులా దాన్ని నొక్కే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, గాలి తగిలి త్వరగా చల్లారుతుంది.

ముందు చక్రాలకు మారిస్తే చాలు. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వస్తుంది, ఎక్కువ పని చేసేవి ముందు బ్రేకులే. వెనక డ్రమ్ములు మంచి స్థితిలో ఉంటే అలాగే ఉంచండి. ఇక్కడ చెప్పేదంతా ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుల గురించే. గాలి బ్రేకులున్న పెద్ద లారీ జోలికి ఇంటి దగ్గర పోవద్దు. బ్రేకులు మార్చాక బండికి తనిఖీ అవసరమా, బీమా కంపెనీకి చెప్పాలా అన్నది కూడా ముందే కనుక్కోండి.

చాలామంది పొరపడేది ఒకచోటే. చక్రం దగ్గర పని కళ్లకు కనిపిస్తుంది కాబట్టి అదే అసలు పని అనుకుంటారు. నిజానికి అది ఒక రోజులో అయిపోతుంది. తిప్పలు పెట్టేది పెడల్‌కీ చక్రానికీ మధ్య ఉన్న సరంజామా.

కొనే ముందు

మీ మోడల్‌కు, మీ ముందు యాక్సిల్‌కు సరిపోయే కిట్ తీసుకోండి. అందులో చక్రం బిగించే హబ్, డిస్క్, ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్, దాన్ని పట్టే బ్రాకెట్, ప్యాడ్లు, బేరింగులు, సీళ్లు, రబ్బరు హోస్‌లు ఉండాలి. పాత రిమ్ములోపల కాలిపర్ పడుతుందో లేదో ముందే కొలవండి. రిమ్ము చిన్నదైతే కాలిపర్ తగిలి చక్రం తిరగదు.

పాతవి విప్పడం

బండిని చదునైన నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు వేసి, ముందు భాగం లేపి స్టాండ్ల మీద పెట్టండి. జాకీని నమ్మి బండి కింద దూరొద్దు.

డ్రమ్ ఊడదీయగానే లోపల నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్ని గాలి కొట్టి ఊదేయాలని చెయ్యి లాగుతుంది, ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. మాస్క్ పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయండి. తర్వాత స్ప్రింగులు, లైనర్లను మోసే షూలు, వాటిని తోసే వీల్ సిలిండర్, వీటన్నిటి వెనకుండే పళ్లెం వరుసగా విప్పండి. విప్పే ముందు ఒక ఫోటో తీసుకోండి. ఏదైనా తేడా వచ్చి పాతవి మళ్లీ బిగించాల్సి వస్తే ఆ ఒక్క ఫోటో గంట పని తగ్గిస్తుంది.

హబ్, డిస్క్, కాలిపర్

బయటపడ్డ స్పిండిల్‌ను (హబ్ తిరిగే ఇరుసును) శుభ్రంగా తుడిచి వేలితో తడిమి చూడండి. గీతలు, పగుళ్లు ఉంటే అక్కడే ఆగిపోండి. బాగుంటే బ్రాకెట్‌ను కిట్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. కొత్త డిస్క్‌కు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో మొత్తం పోయేదాకా కడగండి. బేరింగులకు గ్రీజు పైపైన పూస్తే సరిపోదు, రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా అరచేత్తో నొక్కి ఎక్కించాలి. హబ్‌ను తిప్పుతూ నట్టు బిగించి, కొంచెం వదులు చేసి, హబ్ అటూ ఇటూ ఊగడం దాదాపు లేనంతగా సరిచూసి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి.

కాలిపర్ బిగించేటప్పుడు, ఆయిల్‌లో చిక్కిన గాలిని బయటికి తీసే నిపుల్ ఎటువైపు ఉందో చూడండి. అది పైనే ఉండాలి. కిందికి వచ్చిందంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకు పెట్టేశారన్నమాట. అలాగే వదిలేస్తే గాలి పైన ఇరుక్కుపోతుంది, సీసాల కొద్దీ ఆయిల్ పోసినా పెడల్ స్పాంజిలా మెత్తగానే ఉంటుంది.

మాస్టర్ సిలిండర్, వాల్వులు

పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది మాస్టర్ సిలిండర్. చాలా పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ సర్క్యూట్ ఉంటుంది. ఒక్క హోస్ పగిలితే బ్రేకులన్నీ పోతాయి. ఎలాగూ విప్పారు కాబట్టి ముందుకూ వెనకకూ వేరువేరు గదులున్న మాస్టర్ సిలిండర్ వేసేయండి. కాలిపర్లకు ఆయిల్ ఎక్కువ కావాలి కదా అని మరీ పెద్ద బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) మాత్రం తీసుకోవద్దు. బోరు 1 అంగుళం నుంచి 1.125 అంగుళాలకు పెరిగితే, అదే కాలి బలానికి ఒత్తిడి దాదాపు 20 శాతం పడిపోతుంది.

ఇంకో చిక్కు. చాలా డ్రమ్ బ్రేకుల్లో షూ డ్రమ్‌తో పాటు లాక్కుపోబడి తనంతట తానే మరింత బిగుసుకుంటుంది. డిస్క్‌కు ఆ సాయం లేదు, బలమంతా కాలే ఇవ్వాలి. అందుకే ఇంజిన్ వాక్యూమ్ (గాలి పీల్పు) సాయంతో కాలి బలాన్ని పెంచే బూస్టర్ అవసరం పడుతుంది. డీజిల్ ఇంజిన్ అయితే బూస్టర్‌కు చాలినంత వాక్యూమ్ దానంతట అది రాదు, వాక్యూమ్ పంపు ఉండాలి.

డ్రమ్ములకు పనిచేసిన పాత మాస్టర్ సిలిండర్‌లో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు ఉండవచ్చు. అది డిస్క్ లైనులో మిగిలిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద, కాలిపర్ల కంటే దిగువన ఉంటే మాత్రం డిస్క్ లైనుకు 2 పీఎస్ఐ వాల్వు వేయాలి, లేకపోతే ఆయిల్ వెనక్కి జారుతుంది. వెనక లైనుకు ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టండి. కొత్త లైన్లకు బ్రేకుల కోసమే తయారైన పైపు వాడండి, మామూలు రాగి గొట్టం పనికిరాదు.

ఆయిల్, గాలి తీయడం

డాట్ 3 గానీ డాట్ 4 గానీ రకం బ్రేక్ ఆయిల్ సీలు తీయని డబ్బాలోంచి పోయండి. సిలికాన్‌తో చేసే డాట్ 5 వీటితో కలపకూడదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే కడిగేయండి, రంగు ఊడిపోతుంది. మాస్టర్ సిలిండర్‌ను బండికి బిగించకముందే బల్ల మీద దాని లోపలి గాలి తీసేయడం మేలు. తర్వాత చక్రాల దగ్గర గాలి తీయడం దానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రంతో ముగించండి.

ఇప్పుడు చక్రం గాల్లో ఉండగానే ఒకరు పెడల్ తొక్కి వదలాలి, మరొకరు చక్రాన్ని చేత్తో తిప్పాలి. చిన్నగా రాసుకున్న చప్పుడు ఉండొచ్చు కానీ చక్రం తేలిగ్గా తిరగాలి. బిగుసుకుంటే ముందు బూస్టర్ పుష్ రాడ్ చూడండి. అది మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను కొద్దిగా నొక్కి ఉంచినా ఆయిల్ వెనక్కి రాదు. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, హోస్ ఎక్కడా రాసుకోవడం గానీ బిగుతుగా సాగడం గానీ లేదని చూడండి.

రోడ్డు మీద

మొదట నడక వేగంలో రెండుసార్లు ఆపి చూడండి. ఆపైన ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, ఎనిమిది పదిసార్లు చేస్తే కొత్త ప్యాడ్లు డిస్క్‌కు అలవాటుపడతాయి. కొంచెం కాలిన వాసన వస్తే టెన్షన్ వద్దు. తర్వాత ఒకసారి గట్టిగా తొక్కండి. ముందువాటికంటే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తోక పక్కకు జారబోతే, ప్రపోర్షనింగ్ వాల్వు మరను తిప్పి వెనక ఒత్తిడి తగ్గించి మళ్లీ చూడండి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మరోసారి బిగించి, ప్రతి జాయింట్ కింద తెల్ల కాగితం పెట్టి, పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. కాగితం పొడిగా ఉంటే లోడు ఎత్తవచ్చు.