ఫ్లాష్ ఫొటోల్లో తెల్లని బిళ్లలు: కారణం, పరిష్కారం

రాత్రిపూట ఆరుబయటో, పెళ్లి పందిట్లోనో చిన్న డిజిటల్ కెమెరాతో ఫ్లాష్ వేసి ఫొటో తీసినప్పుడు, తీసేవారి కంటికి ఎక్కడా కనబడని గుండ్రని తెల్లటి బిళ్లలు ఫొటోలో మాత్రం గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. కొన్ని వెనుక ఉన్న మనిషి ముఖం కనిపించేంత పలుచగా ఉంటాయి, కొన్ని అంచు దగ్గర చిక్కబడి మధ్యలో వలయాలతో ఉంటాయి. చాలామంది సెన్సర్ (కెమెరా లోపల వెలుగును పట్టి ఫొటోగా మార్చే భాగం) పాడైందనుకొని కెమెరాను సర్వీసుకు ఇస్తారు, కానీ ఎక్కువ సందర్భాల్లో ఆ ఖర్చు అక్కరలేదు.

ముందుగా తేల్చుకోవలసినది

కెమెరాను కదపకుండా ఫ్లాష్‌తో వెంటవెంటనే రెండు ఫొటోలు, ఫ్లాష్ ఆపి మరొకటి తీసి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఫ్లాష్ వేసిన రెండు ఫొటోల్లో బిళ్లల స్థానాలు మారి, ఫ్లాష్ లేని ఫొటోలో ఒక్కటీ లేకపోతే, అవి లెన్స్ ముందు గాలిలో ఉన్న దుమ్ము కణాలు, నీటి తుంపరలు, లేదా పొగ మంచు. ఈ వ్యాసం ప్రధానంగా వాటి గురించే.

మచ్చ ప్రతి ఫొటోలోనూ ఒకే చోట నల్లగా, మసకగా ఉండి, ఆకాశం వంటి ఖాళీ నేపథ్యంలో మరింత స్పష్టంగా కనిపిస్తే, అది సెన్సర్ మీద పడిన దుమ్ము. ఇటువంటి చిన్న కెమెరాలో, అంటే కాంపాక్ట్ కెమెరాలో, లెన్స్ ఊడిరాదు కాబట్టి దానిని సర్వీసు సెంటర్‌లోనే తీయించాలి. సూదిమొన అంత ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు ఎప్పుడూ ఒకే చోట, అందులోనూ షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసినప్పుడు కనిపిస్తే, అవి సెన్సర్‌లోని లోపభూయిష్టమైన పిక్సెళ్లు. ఒక దీపం నుంచి మొదలై ఫొటోకు అడ్డంగా వరుసగా రంగు మచ్చలు పడితే, ఆ వెలుగు లెన్స్ లోపలి గాజు పలకల మధ్య ప్రతిఫలించిందని అర్థం, కాబట్టి దీపం ఫ్రేములో పడకుండా నిలబడితే చాలు. ఫొటో అంతా పాలు పోసినట్టు తెల్లబారితే లెన్స్ మీది వేలిముద్రనో, ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చినప్పుడు పట్టిన చెమ్మనో అనుమానించాలి.

బిళ్లలు ఎందుకు పడతాయి

కాంపాక్ట్ కెమెరాలో ఫ్లాష్, లెన్స్‌కు రెండు మూడు వేళ్ల దూరంలోనే ఉంటుంది. అందువల్ల ఫ్లాష్ వెలుగు లెన్స్‌కు ఎదురుగా ఉన్న దుమ్ము కణాన్ని తాకి, వచ్చిన దారినే తిరిగి లెన్స్‌లోకి వస్తుంది. పొగమంచులో హైబీమ్ వేసి బండి నడిపితే దారికి బదులు తెల్లటి తెర కనిపించడం కూడా ఇటువంటిదే. పైగా ఫ్లాష్ వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఫొటోలో ఉన్న మనిషి 2 మీటర్ల దూరంలో, కణం 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ కణం మీద మనిషి మీదకన్నా సుమారు 400 రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. ఫోకస్ మనిషి మీద ఉంటుంది కనుక కణం కణంగా కనబడక, లెన్స్ ద్వారం ఆకారంలో, అంటే చాలావరకు గుండ్రంగా, పరచుకుంటుంది.

ఈ ఫిర్యాదు పెద్ద కెమెరాల్లో తక్కువగా, కాంపాక్ట్ కెమెరాల్లో ఎక్కువగా ఎందుకు వస్తుందో కూడా లెక్క ప్రకారమే చెప్పవచ్చు. ఫోకస్ తప్పిన కణం వల్ల ఏర్పడే బిళ్ల వెలుగు, లెన్స్ ఫోకల్ లెంగ్త్ (దూరపు వస్తువు ఫోకస్ అయ్యే చోటికి లెన్స్ నుంచి ఉండే దూరం, దీనిని మిల్లీమీటర్లలో చెబుతారు) వర్గానికి విలోమంగా ఉంటుంది. వెనుకటి ఫిలిం కెమెరాలోని 35 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ లెన్స్‌తో పోలిస్తే, 6 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న చిన్న డిజిటల్ కెమెరాలో, అదే కణానికి అదే ఫ్లాష్ పడితే, బిళ్ల 30 రెట్లకు పైగా వెలుగుతో పడుతుంది. ఫిలిం కెమెరాలో అది ఎంతో పెద్ద వైశాల్యానికి పలుచగా పరచుకొని కంటికి ఆనకుండా పోయేది. సెల్‌ఫోన్ కెమెరాలు ఇంకా చిన్నవి, వాటిలో వెలుగు కూడా లెన్స్ పక్కనే ఉంటుంది, కాబట్టి వాటిలోనూ ఇదే ఇబ్బంది ఉంది.

ఈ బిళ్లలను ఆత్మలనో, దైవ సాన్నిధ్యమనో నమ్మేవారు ఉన్నారు. వారితో వాదనకు దిగే బదులు, ఒక చిన్న పరీక్ష చేసి చూపించడం మేలని నా అభిప్రాయం. చీకటి గదిలో పాత దుప్పటిని గట్టిగా దులిపి, వెంటనే ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయాలి. అదే దుప్పటిని మళ్లీ దులిపి, ఈసారి ఫ్లాష్ ఆపి, కెమెరాకు పక్కగా చేయి చాచినంత దూరంలో టార్చి పట్టుకొని, వెలుగును కెమెరా ముందునుంచి పోనీయకుండా నేరుగా ఎదురుగోడ మీదికి వేసి మరొకటి తీయాలి. మొదటి ఫొటో నిండా బిళ్లలు ఉంటాయి, రెండో దానిలో దాదాపు ఉండవు.

ఏం చేయాలి

అన్నిటికన్నా మంచి ఉపాయం ఫ్లాష్ ఆపడం. కెమెరాను గోడకో, కుర్చీకో ఆన్చి, ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 800 లేదా 1600కు పెంచి, ఉన్న దీపాల వెలుగులోనే తీస్తే ఫొటోలో కొంత గరుకుదనం వస్తుంది. ముఖాల మీద బిళ్లలు పడడంకన్నా ఆ గరుకుదనం ఎంతో నయం.

ఫ్లాష్ తప్పనిసరి అయితే, ఎదుటివారికి దగ్గరగా జరగాలి. ఈ సలహా మరీ మామూలుగా అనిపించినా, దాని ఫలితం చాలా పెద్దది. 3 మీటర్ల నుంచి 1 మీటరుకు జరిగితే మనిషికి కావలసిన ఫ్లాష్ వెలుగు తొమ్మిదో వంతుకు తగ్గుతుంది, కెమెరా ఆ మేరకు ఫ్లాష్‌ను తగ్గిస్తుంది, లెన్స్ ముందరి దుమ్ము కూడా అంతే మసకబారుతుంది. అపెర్చర్‌ను, అంటే లెన్స్ ద్వారాన్ని, వీలైనంత తెరవడం కూడా ఇదే కారణంగా మేలు చేస్తుంది, ఎందుకంటే తక్కువ ఫ్లాష్‌తోనే మనిషి ముఖం సరిగా వస్తుంది. ఐఎస్‌ఓ విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. వెలుగంతా ఫ్లాష్‌దే అయినప్పుడు ఐఎస్‌ఓ పెంచితే మనిషితోపాటు బిళ్ల కూడా అంతే ప్రకాశిస్తుంది కాబట్టి ప్రయోజనం ఉండదు. గదిలోని దీపాల వెలుగు కూడా కలిసేలా, ఫ్లాష్‌తోపాటు షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచే స్లో సింక్ లేదా నైట్ పోర్ట్రెయిట్ మోడ్ పెట్టినప్పుడే ఐఎస్‌ఓ పెంచడం ఉపయోగపడుతుంది. ఫ్లాష్ మీద టిష్యూ కాగితం అతికిస్తే నీడలు కొంత మెత్తబడతాయి కానీ వెలుగు లెన్స్ పక్కనుంచే వస్తుంది కనుక బిళ్లలు పోవు.

తరచుగా ఫ్లాష్‌తో తీసేవారు వెలుగును లెన్స్‌కు దూరం చేయాలి. నీటి అడుగున ఫొటోలు తీసేవారు ఫ్లాష్‌లను పొడవాటి కడ్డీల చివర బిగించుకునేది నీటిలోని నలుసులు మెరవకుండా ఉండడానికే. విడి ఫ్లాష్ బిగించే వీలు లేని కాంపాక్ట్ కెమెరాకు, కెమెరా ఫ్లాష్‌ను చూసి వెలిగే స్లేవ్ ఫ్లాష్ దొరుకుతుంది. చాలా కెమెరాలు అసలు ఫ్లాష్‌కు ముందు ఒక పరీక్ష ఫ్లాష్ వేస్తాయి కాబట్టి, దానిని పట్టించుకోని మోడ్ ఉన్న స్లేవ్‌నే ఎంచుకోవాలి. కెమెరా సొంత ఫ్లాష్‌ను కనిష్ఠ స్థాయికి తగ్గించాలి.

పరిసరాలనూ గమనించాలి. జంపఖానా దులిపిన వెంటనే, సాంబ్రాణి పొగలో, దీపావళి నాడు టపాకాయల పొగలో తీయడంకన్నా కొన్ని నిమిషాలు ఆగడం మంచిది. సన్న జల్లు పడుతుంటే గొడుగు కెమెరాకు కూడా ముందుకు వచ్చేలా పట్టాలి. లంబసింగి వంటి చలి ప్రాంతాల్లోనూ, మంచు కురిసే దేశాల్లోనూ తీసేవారి ఊపిరి ఆవిరే లెన్స్ ముందుకు వస్తుంది కనుక, క్లిక్ చేసే క్షణంలో ఊపిరి బిగబట్టాలి.

ఒకే దృశ్యాన్ని మూడు నాలుగుసార్లు తీసి ఉంచుకోవడం కూడా అవసరమే, ఎందుకంటే బిళ్లలు ప్రతిసారీ స్థానం మారతాయి, ఒకదానిలోనైనా ముఖాలు శుభ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పటికే తీసిన ఫొటోలో బిళ్ల గోడ మీదో ఆకాశంలోనో పడి ఉంటే, గింప్ వంటి, ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని హీల్ లేదా క్లోన్ పరికరంతో తేలిగ్గా చెరిపేయవచ్చు. ముఖం మీద పడినప్పుడు మాత్రం, ఆ వరుసలో తీసిన మరో ఫొటో నుంచి ఆ భాగాన్ని తెచ్చి అతికించడమే సహజంగా ఉంటుంది.