సేవా కేంద్రాల పటం – 3వ పాఠం: చుక్క నుంచి పరిధికి

గత పాఠంలో సంస్థ కేంద్రాల పట్టిక తయారైంది. ఒక్కో వరుసలో ఒక చోటు, అక్కడ దొరికే ఒక సేవ, వారానికి ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, అక్షాంశం, రేఖాంశం. ఒకే భవనంలో 3 సేవలు నడిస్తే 3 వరుసలు ఉండాలన్నాం. అది ఎందుకో ఈ పాఠంలో తేలుతుంది. పటం మీద చుక్క పెట్టడం అరగంట పని. ఆ చుక్క ఎంతమందికి అందుబాటులో ఉందో చెప్పడమే అసలు పని.

ముందు పట్టికను సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన సాదా పాఠ్య ఫైల్‌గా భద్రపరచండి. ఎక్సెల్‌లో అయితే పేరులో యూటీఎఫ్-8 అని ఉన్న సీఎస్‌వీనే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి, మళ్లీ వెనక్కి రావు. తర్వాత పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో లేయర్ మెనూ, అందులో యాడ్ లేయర్, అందులో యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్. ఎక్స్ ఫీల్డ్‌లో రేఖాంశం, వై ఫీల్డ్‌లో అక్షాంశం. నిర్దేశాంక వ్యవస్థ, అంటే చోటును అంకెల్లో చెప్పే పద్ధతి, ఈపీఎస్‌జీ:4326; అక్షాంశ రేఖాంశాలను డిగ్రీల్లో చదివే వ్యవస్థకు ఇది సంకేత సంఖ్య.

చుక్కలు కనిపించగానే సంబరపడకుండా ఒకసారి చూపు సారించండి. అన్నీ కలిసి వేరే ఖండంలోనో సముద్రంలోనో తేలితే ఎక్స్, వై తారుమారయ్యాయి. ఒక్క చుక్క మాత్రం ఆఫ్రికా పశ్చిమాన గినీ సింధుశాఖలో కనిపిస్తే, ఆ వరుసలో అక్షాంశ రేఖాంశాలు 0, 0గా పడ్డాయి. రెండు మూడు కేంద్రాలు ఒకే బిందువు మీద పేరుకుపోతే, చిరునామా వెతికే సాధనానికి వీధి దొరక్క ఊరి నడిబొడ్డు బిందువు ఇచ్చి ఊరుకుంది. వీటన్నిటికన్నా మాయదారి తప్పు ఇంకొకటుంది. 41 డిగ్రీల 30 నిమిషాలను 41.30 అని రాయడం. నిమిషాలను 60తో భాగించాలి కాబట్టి అది 41.50. తేడా 0.2 డిగ్రీలు, అక్షాంశంలో అయితే నేల మీద సుమారు 22 కిలోమీటర్లు. పటంలో చుక్క ఆ చుట్టుపక్కలే పడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే ప్రతి చుక్కనూ ఉపగ్రహ చిత్రం మీద దగ్గరగా చూసి, భవనం మీద పడిందో లేదో సరిచూడాలి. దశాంశం తర్వాత 5 అంకెలుంటే సుమారు ఒక మీటరు వరకు ఖచ్చితత్వం వస్తుంది. 8 అంకెలు రాసినా ఒరిగేదేమీ లేదు.

సరిచూశాక లేయర్‌ను జియోప్యాకేజీ అనే పటాల ఫైల్ రకంలో ఎగుమతి చేయండి. పాత రకమైన షేప్‌ఫైల్ వద్దు. అందులో నిలువు వరుస శీర్షికకు 10 బైట్లే చోటు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి కాబట్టి ‘గంటలు’ అన్న చిన్న శీర్షిక కూడా మధ్యలో తెగిపోతుంది.

ఇక పరిధి గీయాలి. 4326లో కొలమానం డిగ్రీ. అక్కడ బఫర్‌కు, అంటే చుక్క చుట్టూ పరిధి గీసే సాధనానికి, 5 అని ఇస్తే అది 5 కిలోమీటర్లు కాదు, 5 డిగ్రీలు, అంటే ఉత్తర దక్షిణాలుగా 550 కిలోమీటర్లకు పైమాటే. దాన్ని 0.045 డిగ్రీలుగా మార్చి పబ్బం గడుపుకుందామన్నా కుదరదు. రేఖాంశపు డిగ్రీ ధ్రువాల వైపు కుంచించుకుపోతుంది. భూమధ్యరేఖ వద్ద 111 కిలోమీటర్లున్నది 40 డిగ్రీల అక్షాంశం వద్ద 85 అవుతుంది. వెబ్ పటాలు వాడే 3857లో కొలమానం మీటరే అయినా అదీ నమ్మదగింది కాదు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో గీసిన 5 కిలోమీటర్ల వృత్తం నేల మీద రెండున్నరే ఉంటుంది.

అందుకే యూటీఎం, అంటే భూమిని 6 డిగ్రీల వెడల్పు మండలాలుగా (జోన్లుగా) విడదీసి మీటర్లలో కొలిచే వ్యవస్థ. మీ రేఖాంశానికి 180 కలపండి, 6తో భాగించండి, దశాంశం వదిలేసి 1 కలపండి. తూర్పు రేఖాంశం 25 అయితే 205ను 6తో భాగిస్తే 34.17, మండలం 35. ఉత్తరార్ధగోళంలో 326 పక్కన, దక్షిణార్ధగోళంలో 327 పక్కన మండలం సంఖ్య చేర్చాలి: 32635. పశ్చిమ రేఖాంశానికి రుణ గుర్తు మరవకండి. రీప్రాజెక్ట్ లేయర్ సాధనంతో ఈ వ్యవస్థలోకి మార్చాకే బఫర్ తెరవండి. కేంద్రాలు ఒకటి రెండు మండలాలు దాటి విస్తరించి ఉంటే, మీ దేశానికో ప్రాంతానికో అధికారికంగా ఉన్న వ్యవస్థను వాడటం మేలు.

బఫర్‌లో దూరం 5000 మీటర్లు. పావు వృత్తానికి ఎన్ని భుజాలో చెప్పే సెగ్మెంట్ల గడిలో ముందే 5 ఉంటుంది; అలా వదిలేస్తే వృత్తం బదులు 20 భుజాల ఆకారం వచ్చి వైశాల్యం 1.6 శాతం తగ్గుతుంది. 32 ఇవ్వండి. వృత్తాలను ఒకే ఆకారంగా కలిపే డిజాల్వ్ రిజల్ట్‌కు టిక్ పెట్టండి. ఎందుకంటే 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాల వృత్తాలు 22 చదరపు కిలోమీటర్లకు పైగా ఒకదానిమీద ఒకటి పడతాయి. కలపకుండా జనాభా కూడితే ఆ మేరలో ఉన్నవారంతా రెండుసార్లు లెక్కలోకి వస్తారు. నివేదికల్లో ‘ఇంత జనాభాకు చేరువలో ఉన్నాం’ అని కనిపించే పెద్ద అంకెల్లో కొన్ని ఇలాగే ఉబ్బుతుంటాయి.

బఫర్ గీసే ముందే వడపోత జరగాలి. లేయర్ మీద కుడి క్లిక్, ఫిల్టర్, అందులో సేవ పేరు. గోదాము, పరిపాలనా కార్యాలయం లాంటి చోట్లకు సేవ కోసం ఎవరూ రారు, వాటికి వృత్తమే ఉండకూడదు. భోజన కేంద్రం పరిధి వేరు, న్యాయ సలహా పరిధి వేరు. సేవకో వరుస అన్నది ఇందుకే. వారానికి 40 గంటలు తెరిచేదాన్నీ, ఒక్క పూట శిబిరం పెట్టేదాన్నీ ఒకే రంగులో చూపించడం చూసేవారిని మోసం చేయడమే. 20 గంటల లోపువాటికి వేరే రంగు ఇవ్వండి.

జనాభా కోసం వరల్డ్‌పాప్ గ్రిడ్, అంటే నేలను చిన్న గడులుగా విడదీసి ఒక్కో గడికి జనాభా అంచనా ఇచ్చే ఫైల్ తీసుకోండి. గడి పరిమాణం భూమధ్యరేఖ దగ్గర సుమారు 100 మీటర్లు. అందులో గడికి ఎంతమంది అనేది ఒక రకం, చదరపు కిలోమీటరుకు ఎంతమంది అనేది మరో రకం. పరిధిలో పడే గడుల విలువలను కూడే జోనల్ స్టాటిస్టిక్స్ సాధనంలో మొత్తం తీయాలంటే మొదటి రకమే కావాలి. గ్రిడ్‌ను యూటీఎంలోకి మార్చకండి, మారిస్తే గడులు కొత్తగా పేర్చబడి మొత్తం మారిపోతుంది. వృత్తాలనే గ్రిడ్ ఉన్న వ్యవస్థలోకి తీసుకెళ్లండి.

గృహహింస బాధితుల ఆశ్రయం వంటి రహస్య చోట్ల సంగతి వేరు. వాటి చుక్కను పటంలో దాచినా, పంచే ఫైల్‌లో అక్షాంశ రేఖాంశాలు ఉండిపోతే దాచినట్టు కాదు. పంచే ప్రతిలో ఆ వరుసలు తీసేసి, జిల్లా స్థాయిలో ‘ఆశ్రయం ఉంది’ అన్న మాట మాత్రం ఉంచండి.

అభ్యాసం: ఒకే సేవను వడపోసి 2, 5, 10 కిలోమీటర్లకు మూడు బఫర్లు గీసి, మూడింటికీ జనాభా మొత్తం తీయండి. 2 నుంచి 5కి ఎంత పెరిగిందో, 5 నుంచి 10కి ఎంత పెరిగిందో రాసిపెట్టుకోండి. వృత్తాల్లో నది, రైలు పట్టాలు, వంతెన లేని కాలువ ఎక్కడెక్కడ అడ్డొస్తున్నాయో కూడా గుర్తు పెట్టండి. 4వ పాఠంలో రోడ్డు మీద పట్టే ప్రయాణ సమయంతో ఈ వృత్తాలను కోసేది అక్కడినుంచే.