నలుగురిలో మాట కలపడం కష్టమైనవారితో పాత్రల ఆట ఆడించే పద్ధతి

1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ప్రాచుర్యంలోకి వచ్చిన టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో కొందరు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, గేమ్ మాస్టర్ చెప్పే కథను తమ నిర్ణయాలతోనూ పాచికలతోనూ నడుపుతారు. మామూలు కబుర్లలో ఎప్పుడు నోరు విప్పాలో ఎవరూ చెప్పరు; ఇక్కడ చాలామటుకు నియమమే చెబుతుంది. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం కష్టమయ్యే స్థితి) ఉన్నవారిలోనూ, నలుగురిలో బెరుకు పడేవారిలోనూ చాలామందికి ఈ ఆట నప్పడానికి ముఖ్య కారణం అదేనని నా అభిప్రాయం. కనుక గేమ్ మాస్టర్ ముందుగా కాపాడవలసింది ఆ స్పష్టతనే.

తొలి సమావేశాన్ని ఆటకు కాక మాటలకే కేటాయించండి. దీన్ని సెషన్ జీరో అంటారు. ఎంతసేపు ఆడతారో, విరామం ఎప్పుడో, కథలో ఏ విషయాలు రాకూడదో అప్పుడే తేల్చుకుని, కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డును, అంటే X గుర్తు వేసిన చీటీని, బల్ల మధ్యలో ఉంచండి. దాన్ని ఎవరు తాకినా ఆ ఘట్టాన్ని పక్కన పెట్టాలి, కారణం అడగకూడదు.

కోట కాపలాదారును ఒప్పించి లోపలికి వెళ్లాలనుకుందాం. ఒకరు గొంతు మార్చి వాదిస్తారు. మరొకరు తల ఎత్తకుండానే, “నా పాత్ర అతనికి ఉత్తరం చూపించి దారి అడుగుతుంది” అంటారు. రెండూ సమానమైన ఆటే. ఇరవై ముఖాల పాచిక మీద 4 లాంటి తక్కువ అంకె పడి కాపలాదారు పొమ్మన్నాడంటే ఆ ఓటమి పాత్రదే గాని ఆటగాడిది కాదు, పైగా కథ అక్కడితో ఆగదు. తిరస్కారానికి భయపడే మనిషికి ఇంత చవకగా తిరస్కారం అలవాటయ్యే చోటు అరుదు.

వంతుల క్రమాన్ని అందరికీ కనిపించేలా రాసి పెడితే, తన వంతు ఎప్పుడొస్తుందోనన్న ఆదుర్దా తగ్గుతుంది. వింటూ బొమ్మలు గీసుకునేవారిని, లేచి తిరిగేవారిని వారించకండి. కళ్లలోకి చూడమని అసలే అడగకండి. పాచికల చప్పుడు ఇబ్బంది పెడితే బల్ల మీద మెత్తటి గుడ్డ పరవండి.

ఇది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. ఒకరి నిజజీవితపు గాయాన్ని వారు కోరకుండా కథలోకి లాగే అధికారం గేమ్ మాస్టర్‌కు లేదు. పాత్ర దుఃఖం ఒక్కోసారి ఆటగాడికీ అంటుకుంటుంది కాబట్టి, చివర కొద్ది నిమిషాలు పాత్రలను పక్కన పెట్టి, ఎవరికి ఏది నచ్చిందో, ఏది భారమనిపించిందో అడగండి. చెప్పడం ఇష్టం లేనివారు చీటీ మీద రాసి ఇవ్వవచ్చు.