ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ తేడాగా ఉందా? ముందు సిరంజి, మెషిన్ చూడండి

మా అమ్మ ఇన్సులిన్ వేసుకోబట్టి తొమ్మిదేళ్లు. షుగర్ కాస్త అటూ ఇటూ అయితే చాలు, "ఏం తిన్నావు?" అని అందరం ఆమెనే అడిగేవాళ్లం. ఆ ప్రశ్న వేసే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

సమస్య: డోసు మార్చలేదు. అయినా ఇంజెక్షన్ తర్వాత చెమటలు, వణుకు, కళ్లు తిరగడం.

కారణం తర్వాత వెతుకుదాం. షుగర్ 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

కారణం: మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది. సీసాలో వచ్చేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. ఇన్సులిన్ పెన్ (పెన్నులా ఉండే ఇంజెక్షన్ పరికరం) లోపల పెట్టే మందు గొట్టం, అంటే కాట్రిడ్జ్‌లో ఉండేది సాధారణంగా 100. సిరంజిలు కూడా అలాగే రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. పెన్ పాడైందనో, దాని సూదులు అయిపోయాయనో కాట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో మందు లాగారనుకోండి. 10 అని ఉన్న గీత దగ్గర ఆపినా లోపలికి వచ్చేది పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు. డాక్టరు రాసినదానికి రెండున్నర రెట్లు!

దీనికి తిరగేసిన పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. పండగకు ఊరెళ్లినప్పుడు మందుల షాపులో "ఇన్సులిన్ సిరంజి" అని మాత్రం అడిగాను, ఇచ్చింది తెచ్చాను. సీసా 40ది, సిరంజి నారింజ మూతది. అమ్మ 10 అనుకుని వేసుకున్నది 4 యూనిట్లే. నాలుగు రోజులు షుగర్ దిగలేదు. గారెలు తిన్నావు కదా అని ఆమెను కోప్పడ్డాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ పొరపాటు తెలియక డోసు పెంచితే ఇంకా ప్రమాదం: సరైన సిరంజి చేతికొచ్చిన రోజున షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

అసలు లోపం ఎక్కడుందో చూడండి. దూరం నుంచి కనిపించే రంగు మూత మీద ఉంది. మందు లాగేటప్పుడు ఆ మూత తీసి పక్కన పెట్టేస్తాం. జాగ్రత్త అవసరమైన ఆ క్షణంలో చేతిలో మిగిలేది సన్నటి అంకెలున్న గొట్టం. చూపు మందగించిన అరవై ఐదేళ్ల మనిషి దాన్ని పోల్చుకోవాలి.

పరిష్కారం: సిరంజి కొనడానికి వెళ్లేటప్పుడు ఖాళీ సీసా తీసుకెళ్లండి. సీసా మీద ఉన్న 40 లేదా 100, సిరంజి మీద ఉన్న అంకె ఒకటే కావాలి. రెండో రకం ఇంట్లో ఉంచకండి. పెన్ కాట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు లాగకండి. "పది గీతలు" అనే మాట మానేసి "పది యూనిట్లు" అనండి, ఎందుకంటే కొన్ని సిరంజిల మీద ఒక్కో గీత రెండు యూనిట్లు. బ్రిటన్ 1983లో అందరినీ ఒకే బలానికి, 100కి మార్చింది. నా ఉద్దేశంలో అసలైన పరిష్కారం అదే. మనకూ అది కావాలి.

సమస్య: షుగర్ మెషిన్‌లో అంకె నమ్మేలా లేదు.

మామిడిపండు కోసిన చేత్తో వేలు గుచ్చితే, చర్మం మీది తీపి రక్తంలో కలిసి షుగర్ ఎక్కువ చూపిస్తుంది. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని మళ్లీ చూడండి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే తేమకు పాడవుతాయి.

లండన్ నుంచో సిడ్నీ నుంచో పిల్లలు తెచ్చిచ్చిన మెషిన్ అయితే ఇంకో తిరకాసు ఉంది. అక్కడి కొలమానం వేరు, 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 7.2 అంటే దాదాపు 130. అంతవరకు టెన్షన్ పడక్కర్లేదు. భయపడాల్సింది చిన్న చుక్క కనిపించకపోవడం గురించి: 11.5ని 115 అని చదివి నిశ్చింతగా ఉంటారు, అసలు షుగర్ 207. ఇక్కడ కొన్న మెషిన్ వాడటమే మేలు.

సమస్య: ఇంట్లో ఉండే ఇంకో మెషిన్, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ 86 చూపిస్తోంది, మనిషి మాత్రం హాయిగా మాట్లాడుతున్నారు.

అంకెను తలకిందులుగా చదువుతున్నారేమో చూడండి. 98ని తిరగేస్తే 86! పక్కనున్న నాడి అంకెను ఆక్సిజన్ అనుకోవడం కూడా మామూలే. గోళ్ల రంగు తీసి, చల్లబడిన చేతులు రుద్ది, ఇంకో వేలికి పెట్టండి. అప్పటికీ తక్కువే ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పరికరం వల్లే పొరపాటు జరిగిందనిపిస్తే పెట్టె పారేయకండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది. ఇలాంటి ఫిర్యాదుల కోసం 2015 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ (మందుల ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ) ఆధ్వర్యంలో ఒక కార్యక్రమం నడుస్తోంది. ఆస్పత్రులే కాదు, ఇంట్లో వాడేవాళ్లు కూడా చెప్పవచ్చు. ఏ పరికరం, ఎప్పుడు, ఏ అంకె చూసి ఏం చేశారు అన్నది అదే రోజు కాగితం మీద రాసి పెట్టుకోండి.