డెబిట్ కార్డు మోసం: బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చే విధానం, ముద్ర విషయంలో జాగ్రత్త

నల్లగొండలో ఒక బ్యాంకు మెట్ల మీద దేవరకొండ వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చుని ఉన్నారు. వడ్లు అమ్మిన డబ్బు ఖాతాలో పడిందని ఏటీఎంకు వెళ్తే, పక్కన నిలబడ్డ కుర్రవాడు సాయం చేస్తానని కార్డు తీసుకుని వేరే కార్డు చేతిలో పెట్టాడు. సాయంత్రంలోగా నాలుగు సార్లు పదేసి వేలు పోయాయి. మర్నాడే ఆయన బ్యాంకుకు వచ్చి చెప్పారు. పోలీసు కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం కోసం తిరిగి తిరిగి పదిహేను రోజుల తర్వాత మళ్లీ వస్తే, కౌంటర్లో అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీరు మాకు ఎప్పుడు చెప్పారు?" మర్నాడే చెప్పానన్నారు ఆయన. చెప్పినట్టు చేతిలో ఏమీ లేదు.

ఇలాంటి వాళ్లను ఒకరిని కాదు, పలువురిని చూశాక ఇది రాస్తున్నాను.

ముందుగా చేయాల్సినవి చాలామందికి తెలిసినవే. డబ్బు పోయిందని మెసేజ్ కనిపించగానే కార్డు బ్లాక్ చేయించాలి. నంబరు కార్డు వెనుక ఉంటుంది. కార్డే పోతే ఏటీఎం గదిలోని బోర్డు మీద చూడండి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి. అక్కడ మోసగాళ్లు తమ నంబర్లనే కస్టమర్ కేర్ అని పెట్టుకుంటున్నారు. తర్వాత సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ నంబరు 1930కు ఫోన్ చేసి ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు చెప్పాలి. డబ్బు వేరే ఖాతాకు వెళ్లి ఇంకా అక్కడే ఉంటే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

ఇక్కడి దాకా చేసి చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అసలు దరఖాస్తు ఇక్కడే మొదలవుతుంది. మీ ఖాతా ఉన్న శాఖకు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తెల్లకాగితం చాలు, తెలుగులో రాసినా చాలు. "నా ఫలానా ఖాతా నుంచి ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, ఇంత మొత్తం నా అనుమతి లేకుండా పోయింది. కార్డును ఫలానా సమయానికి బ్లాక్ చేయించాను. ఆ ఏటీఎం కెమెరా దృశ్యాలు భద్రపరచి, విచారించి, నా సొమ్ము తిరిగి జమ చేయగలరు." ఇంతే. కెమెరా మాట మరవకండి, ఆ దృశ్యాలు ఎల్లకాలం ఉండవు. పాస్‌బుక్ మొదటి పేజీ, మెసేజ్‌ల నకలు జత చేయండి.

కాగితం రెండు ప్రతులు రాయండి. ఒకటి వాళ్లకు ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే లేచి రాకండి. నెమ్మదిగానే అడగండి, కానీ ముద్ర పడేదాకా అక్కడే ఉండండి. ఎంతకీ వేయకపోతే అదే రోజు బ్యాంకు టోల్‌ఫ్రీ నంబరుకు ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో శాఖకు పంపి రసీదు దాచుకోండి. పోలీసు కాగితం తర్వాత ఇవ్వవచ్చు. దాని కోసం బ్యాంకు ఫిర్యాదును ఒక్క రోజు కూడా ఆపకండి.

ఈ తేదీకి ఇంత విలువ ఎందుకంటే, రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల్లో లెక్కంతా దీని మీదే నడుస్తుంది. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా నష్టం మీది కాదు. తప్పు బ్యాంకుదీ మీదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మెసేజ్ అందిన 3 పనిదినాల్లోపు చెప్పినా మీ మీద భారం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే, జన్‌ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాకు 5,000 రూపాయల వరకు, మామూలు పొదుపు ఖాతాకు 10,000 వరకు మీరు భరించాలి. 7 దాటితే ఆ బ్యాంకు పెట్టుకున్న విధానం ప్రకారం ఎంతిస్తే అంత. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, సెలవులూ రావు. రెండో శనివారానికి ముందు గురువారం మెసేజ్ వస్తే శుక్రవారం ఒకటి, సోమవారం రెండు, మంగళవారం మూడు.

ఫోన్లో ఎవరో అడిగితే ఓటీపీ చెప్పేసిన వాళ్లు సిగ్గుపడి బ్యాంకుకే వెళ్లడం లేదు. అది ఇంకా పెద్ద నష్టం. పిన్ను, ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే చెప్పేదాకా పోయింది మీ నష్టమే, నిజమే. కానీ మీరు చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయికీ బ్యాంకుదే బాధ్యత. ఫిర్యాదులో అబద్ధం రాయకండి, జరిగింది జరిగినట్టు రాయండి. తప్పు ఖాతాదారుదే అంటే దాన్ని రుజువు చేయాల్సిందీ బ్యాంకే.

ఫిర్యాదు అందాక 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు మీ ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. అది చూసి పని ముగిసిందనుకుని ఖర్చు పెట్టేయకండి, తుది నిర్ణయానికి 90 రోజుల వరకు పడుతుంది. 30 రోజులైనా బ్యాంకు జవాబివ్వకపోతే, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు 14448. అక్కడ రుసుము లేదు. ఆ ఫారం నింపడానికి 500, 1,000 అడిగే వాళ్లను నేను చూశాను, వాళ్లకు ఇవ్వకండి. ఇంటర్మీడియట్ చదివే మీ అమ్మాయి నింపగలదు. కొన్నాళ్లకు "మీ డబ్బు దొరికింది, ఫీజు కడితే పంపుతాం" అని ఫోన్ వస్తే అది రెండో మోసం. బ్యాంకు గానీ పోలీసులు గానీ అలా ఫీజు అడగరు.

పాలమూరు నుంచి పనికి ముంబై, పుణే వెళ్లిన కుటుంబాలకు ఒక మాట. చాలామంది ఖాతాల్లో ఎప్పుడో వదిలేసిన సిమ్ము నంబరే ఉంది. డబ్బు పోతే మెసేజ్ ఆ నంబరుకే వెళ్తుంది, మీకు నెలల దాకా తెలియదు. ఈసారి ఊరికి వచ్చినప్పుడు ఆధార్, పాస్‌బుక్ తీసుకుని శాఖకు వెళ్లి నంబరు మార్పించండి. మీ ముందే ఒక మెసేజ్ వచ్చేలా చూసుకుని బయటికి రండి.