పిల్లల దొంగల పుకారు గ్రూపులోకి వచ్చిందా? వాదనకు దిగేముందు ఈ జాగ్రత్తలు

"పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన మండలంలో దిగింది, జాగ్రత్త" అనే వాయిస్ మెసేజ్ మళ్లీ ఊరి గ్రూపుల్లో, కాలనీ గ్రూపుల్లో తిరుగుతోంది. దానితోపాటు ఎవరో ఒక మనిషి ఫొటో కూడా వస్తోంది. ఇలాంటిది ఎక్కడిదాకా పోతుందో 2018 మే నెలలో తెలంగాణ చూసింది. బీబీనగర్ మండలంలో, నిజామాబాద్ జిల్లా భీంగల్ దగ్గర, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మనుషుల్ని కొట్టి చంపారు. ఆ జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో, భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్లు ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి మరీ కొట్టి చంపారు. వీళ్లలో ఎవరూ ఏ పిల్లనీ ఎత్తుకుపోలేదు.

వచ్చిన ప్రతి మెసేజ్‌నీ నమ్మకూడదని అందరికీ తెలుసు. అది మళ్లీ చెప్పడానికి ఇది రాయడం లేదు. పుకారును నమ్మని వాళ్ల కోసం, "ఇది అబద్ధం" అని గ్రూపులో వాదించడానికి ముందుకొచ్చే వాళ్ల కోసం రాస్తున్నది. ఎందుకంటే నింద పడ్డ మనిషి ఫొటో ఊళ్లు దాటడంలో నమ్మినవాళ్ల చెయ్యే కాదు, మంచి మనసుతో అడ్డుపడినవాళ్ల చెయ్యి కూడా ఉంటోంది.

ఆ ఒక్క తప్పు

ముఖం, పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు. ఈ నాలుగింటిలో ఏదీ మీ చేతి మీదుగా ముందుకు పోకూడదు. ఖండించడానికి కూడా పోకూడదు, అడగడానికి కూడా పోకూడదు.

జరిగేది ఇది. ఒకరు ఆ ఫొటోను ఇంకో గ్రూపులో వేసి "ఇది నిజమేనా, ఎవరికైనా తెలుసా?" అని అడుగుతారు. ఇంకొకరు దాని మీద ఎర్రగా "ఫేక్" అని రాసి పెడతారు. మూడో ఆయన అందరికంటే మంచివాడు. "ఈయన నాకు తెలుసు, ఫలానా ఊరాయన, ఫలానా చోట పని చేస్తాడు, అలాంటివాడు కాదు" అని రాస్తాడు. ముగ్గురూ ఆ మనిషిని కాపాడాలనే అనుకున్నారు. కానీ మొదటి ఇద్దరూ ఫొటోను కొత్త జనానికి చేర్చారు, మూడో ఆయన వెతుక్కునే పని లేకుండా చిరునామా ఇచ్చాడు.

వాట్సాప్ పనిచేసే తీరు కూడా దీనికి తోడవుతుంది. మీరు ఒక ఫొటోకు రిప్లైగా "ఇది అబద్ధం" అని రాస్తే, ఆ ఫొటోను ఫార్వార్డ్ చేసేవాడితో మీ రిప్లై వెళ్లదు. ఫొటో కింద రాసిన మాటను ఫార్వార్డ్ చేసేటప్పుడు తీసేయవచ్చు. ఎర్ర ముద్రను కత్తిరించవచ్చు. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. ఫొటోను గ్యాలరీలో సేవ్ చేసి మీరు కొత్తగా పెడితే "ఫార్వార్డ్" అనే గుర్తే పోతుంది. చాలాసార్లు తిరిగిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలం. మీరు సేవ్ చేసి పెట్టిన కాపీకి ఆ గుర్తూ ఉండదు, ఆ అడ్డూ ఉండదు. చూసేవాళ్లకు మీరే తీసిన ఫొటోలా కనిపిస్తుంది.

ఫొటో మనిషి కంటే ముందు వెళ్తుంది, అసలు ప్రాణం తీసేది అదే. 2018 జూలై 13న కర్ణాటక బీదర్ జిల్లాలో జరిగింది చూడండి. కారులో వెళ్తున్న స్నేహితులు దారిలో ఒక ఊరి దగ్గర ఆగి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అక్కడివాళ్లకు అనుమానం వచ్చింది. గొడవ అయ్యాక వాళ్లు కారెక్కి బయల్దేరారు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ వాళ్ల వీడియోలు ముందున్న ముర్కీ ఊరికి వాట్సాప్‌లో చేరాయి. కారు వచ్చేసరికి రోడ్డుకు అడ్డం పెట్టి జనం సిద్ధంగా ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజనీరు చనిపోయాడు. కాపాడబోయిన పోలీసులకూ గాయాలయ్యాయి. మొదటి ఊళ్లో ఫోన్లు జేబుల్లోనే ఉండిపోయి ఉంటే ఆ కారు ఇంటికి చేరేది.

కాబట్టి మళ్లీ: ఖండించడానికైనా సరే ఆ ముఖాన్ని ముందుకు పంపకండి.

మాట్లాడే ముందు చూసుకోవాల్సింది

వెతుకులాట అంతా మీ ఫోన్‌లోనే జరగాలి, గ్రూపులో కాదు. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి, వచ్చిన ఫలితాల్లో అన్నిటికంటే పాత తేదీ ఉన్నదాన్ని తెరవండి. వీడియో అయితే మొదటి నుంచి ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి స్క్రీన్‌షాట్ తీసి మూడూ వెతకండి. చివరిది మానేయకండి. 2018లో దేశమంతా తిరిగిన బైక్ వీడియో, రోడ్డు మీద ఆడుతున్న పిల్లాడిని ఇద్దరు ఎత్తుకెళ్లేది, పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ పిల్లాడిని తిరిగి దించేస్తారు, సందేశం ఉన్న అట్ట చూపిస్తారు. ఆ ముక్క కోసేసి మిగతాది పంపారు. అవయవాల కోసం చంపిన పిల్లలంటూ తిప్పిన శవాల ఫొటో 2013లో సిరియాలోని ఘౌతాలో విషవాయువు దాడికి బలైన పిల్లలది. దుకాణాల బోర్డుల మీద లిపి, బండ్ల నంబర్ ప్లేట్లు, పోలీసుల యూనిఫాం చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఎక్కడా దొరకలేదంటే నిజమని అర్థం కాదు. అసలు భయపడాల్సింది దానికే. ఇవాళ పొద్దున మీ బస్టాండ్‌లో తీసిన ఫొటో ఏ వెతుకులాటలోనూ దొరకదు. మనిషి నిజం, చోటు నిజం, కింద రాసిన మాట ఒక్కటే అబద్ధం. దీనికి ఫోన్ చెయ్యడం తప్ప దారి లేదు. స్టేషన్‌కు చేసి మూడే అడగండి: ఈ పేరు మీద, ఈ చోట పిల్ల తప్పిపోయినట్టు ఫిర్యాదు వచ్చిందా? ఎప్పుడు? మీరు ఏమైనా ప్రకటన ఇచ్చారా? మీతో మాట్లాడినవారి హోదా, సమయం రాసిపెట్టుకోండి.

వాయిస్ మెసేజ్‌ను ఏ సాధనమూ పట్టుకోలేదు. అందులో ఊరి పేరు, స్టేషన్ పేరు, తేదీ ఉన్నాయేమో వినండి. "మా బావ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు" అన్నది ఆధారం కాదు.

ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది కాబట్టి అక్కడ వెతకవచ్చు. కానీ లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులవి, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులవి అందులో పెట్టరు. కాబట్టి "సైట్‌లో లేదు, అంటే అబద్ధం" అని వాదించకండి. రేపు నిజమని తేలితే ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు. "పిల్లల కిడ్నాప్‌లు అసలు జరగవు" అనడం కూడా ఇలాంటి పొరపాటే. జరుగుతాయి. మీరు చెప్పాల్సింది ఈ మనిషి గురించి, ఈ మెసేజ్ గురించి మాత్రమే.

ఏం రాయాలి, ఎలా రాయాలి

ముందు పంపినవారికి విడిగా. "బాబాయ్, ఈ ఫొటో నీకు ఎవరు పంపారు? ఇందాకే స్టేషన్‌కు ఫోన్ చేశా, అలాంటి ఫిర్యాదు ఏదీ లేదన్నారు. గ్రూపులోంచి తీసేస్తావా? నువ్వే ఒక మాట చెబితే అందరూ వింటారు." పదిమందిలో తప్పు పడితే బాబాయ్ పౌరుషానికి పోయి ఇంకో నాలుగు వీడియోలు తెస్తాడు. విడిగా అడిగితే తనంతట తనే తీసేస్తాడు, ఆ మాట మీదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

తర్వాత గ్రూపులో నాలుగు వాక్యాలు చాలు. "మన మండలంలో పిల్లలు తప్పిపోయినట్టు ఫిర్యాదు లేదని స్టేషన్‌లో చెప్పారు. ఇవాళ్టి తేదీ, ఉదయం 10 గంటలకు అడిగాం. ఎవరి దగ్గరైనా ఫొటో ఉంటే తీసేయండి, పంపొద్దు. ఎవరిమీదైనా అనుమానం వస్తే 112కు చేయండి." నిజం ముందు రావాలి. పుకారులోని మాటలు మళ్లీ వల్లించకూడదు. తేదీ, సమయం తప్పనిసరి, ఎందుకంటే రేపు ఎవరో మీ పాత మెసేజ్‌ను ఇంకో సంగతికి వాడతారు. పుకారు వాయిస్‌లో వస్తే జవాబు కూడా వాయిస్‌లోనే, మీ ఊరి యాసలోనే, అర నిమిషం లోపు ఇవ్వండి. చదవలేని పెద్దవాళ్లు విన్నదే నమ్ముతారు.

జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు 2018లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ పని గ్రూపులతో ఆగనివ్వలేదు. ఊరికొక పోలీసును కేటాయించి, డప్పు, జానపద కళాకారులతో ఊరూరా చెప్పించారు. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

కిడ్నీల కోసం ఎత్తుకుపోతున్నారని వాదించేవారికి: తీసిన గుండెను నాలుగు గంటలు అటూ ఇటూగా, కిడ్నీని చల్లగా ఉంచి ఒక రోజు అటూ ఇటూగా అమర్చేయాలి. దాత రక్తమూ కణజాలమూ సరిపోతాయో ముందే పరీక్షించాలి. ఆపరేషన్ థియేటరు, సర్జన్ల బృందం కావాలి. దారిన పోయే పిల్లాడిని సంచిలో వేసుకుని చేసే పని కాదు. కానీ ఈ లెక్క స్థిమితంగా ఉన్నవాళ్లకు చెప్పండి. భయంతో ఉన్న తల్లికి చెప్పకండి. ఆమెకు కావాల్సింది బడి నుంచి పిల్లాడిని ఎవరు తీసుకొస్తారన్న ధైర్యం. ఆ ఏర్పాటు చేయండి.

అడ్మిన్‌లకు

తీసేసేముందు పంపినవారి నంబరు, సమయం కనిపించేలా ఒక్క స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. అది పోలీసులకు మాత్రమే. తర్వాత అందరికీ తొలగించండి. దానితో పని అయిపోయిందనుకోకండి, అప్పటికే ఫార్వార్డ్ అయిన కాపీలు అలాగే ఉంటాయి. కాబట్టి ఎవరెవరు ఏ గ్రూపులకు పంపారో అడిగి అక్కడా తీయించండి. రాత్రిపూట గొడవ ముదిరితే అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చండి, తెల్లవారాక తెరవండి.

చట్టం పేరుతో బెదిరించాలనుకుంటే సరైనదే చెప్పండి. ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. ఇప్పుడున్నవి భారతీయ న్యాయ సంహితలో జనాన్ని రెచ్చగొట్టే తప్పుడు ప్రచారానికి సెక్షన్ 353, పరువు నష్టానికి సెక్షన్ 356. పుట్టిన చోటు, భాష, కులం వంటి కారణంతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చంపితే 103(2) కింద ప్రతి ఒక్కరికీ ఉరి లేదా యావజ్జీవం.

నింద మీ మీదే పడితే

గ్రూపులోకి దూరి ఒక్కొక్కరికీ జవాబివ్వకండి. ప్రతి జవాబుతో మీ నంబరు ఇంకా కొంతమందికి చేరుతుంది. ప్రాణభయం ఉంటే ముందు 112. తర్వాత తేదీ, సమయం, నంబర్లు కనిపించే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, బహిరంగ పోస్టులైతే లింకులు కూడా తీసుకోండి, చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి. ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి, దానికి అసలు ఫోన్ ఉండటం చాలా మేలు. స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా పెట్టండి. సర్పంచ్‌కు, మీరు పనిచేసే చోట యజమానికి మీ నోటితో మీరే ముందు చెప్పండి.

ఇక మిగతావి

ముఖం పంపొద్దు.

బండి నంబరు పంపొద్దు. బండికి ఓనర్ ఒకరు, నడిపేది ఒకరు, ఆరోజు ఎక్కింది ఇంకొకరు.

"ఎందుకైనా మంచిదని పంపుతున్నా" అన్న మాట రాయొద్దు. పంపితే ఎవరికి మంచో చెప్పలేనప్పుడు ఆపేయండి.

ముఖాన్ని పెన్ గీతలతో మూసేసి పంపొద్దు. మార్కర్ గీత కింద వెలుతురు పెంచితే ముఖం కనిపిస్తుంది. స్టేషన్‌కు తప్ప ఎవరికీ వద్దు.

స్టేటస్‌లో పెట్టొద్దు. అది కూడా పంపడమే.

"అసలు దొంగ ఇతను కాదు, వాడు" అని ఇంకో పేరు తీయొద్దు. ఒక అమాయకుడిని విడిపించడానికి ఇంకొకరిని అప్పగించొద్దు.

బిహారీ, బంగ్లా, పార్థీ, హిజ్రా, బిచ్చగాడు: ఈ మాటలు వచ్చిన మెసేజ్ ఏదైనా అక్కడే ఆపేయండి. 2018లో దెబ్బలు తిన్నవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లూ, మతిస్థిమితం లేనివాళ్లూ, మన భాష రానివాళ్లూ.

పిల్ల పేరు, బడి పేరు, తల్లిదండ్రుల ఫొటో వద్దు. లైంగిక నేరమైతే ఆ పిల్ల ఎవరో తెలిసేలా రాయడమే పోక్సో సెక్షన్ 23 కింద నేరం.

నిజంగా తప్పిపోయిన పిల్ల పోస్టరైతే స్టేషన్ నంబరు ఉందో లేదో చూడండి. ఉంటేనే పంపండి. పిల్ల దొరికిన రోజే అన్ని చోట్లా తీసేయండి.

రాత్రి పదకొండు తర్వాత వాదించొద్దు. ఫోన్ చేయండి.

జనం గుమిగూడారా, లైవ్ పెట్టొద్దు. లైవ్ చూసి ఇంకో ఊరు బయల్దేరుతుంది. 112కు చోటు చెప్పండి, ఆ మనిషిని పోలీసులు వచ్చేదాకా షట్టర్ ఉన్న దుకాణంలోకి తీసుకెళ్లి షట్టర్ దించండి, బయట నలుగురు పెద్దమనుషుల్ని నిలబెట్టండి.

ఆధార్ చూపించమని అడుగుతూ వీడియో తీయొద్దు.

అబద్ధమని తేలిందా, ఎన్ని గ్రూపుల్లో పెట్టారో అన్ని గ్రూపుల్లోనూ "తప్పు, తీసేశాను" అని రాయండి. అప్పుడు కూడా ఆ ఫొటో పెట్టొద్దు.