ఉగాదికి ముందే బెండ గింజ: ఎర్ర చెలకలో ఎండకాలం కూరగాయలు

ఇత్తనాల దుకాణానికి పోయే ముందు, రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒకటి బోరు కాడ పెట్టి మోటరు వేయండి. ఎన్ని నిమిషాలకు నిండుతుందో చూసుకోండి. నాలుగు నిమిషాలు పడితే గంటకు 3,000 లీటర్లు. ఇది జనవరి లెక్క. మా దేవరకొండ దిక్కు ఏప్రిల్ వచ్చేసరికి చాలా బోర్లు సగానికి పడిపోతాయి, కాబట్టి కాగితం మీద 1,500 అనే రాసుకోండి. నేను బడిలో లెక్కల టీచర్ని. తోటలో కూడా నాకు ముందు కాగితం, తర్వాతే పార.

రెండో లెక్క నేలది. గుంట అంటే 121 గజాలు, దాదాపు వంద చదరపు మీటర్లు. ముదిరిన ఎండలో, నిండా ఎదిగిన కూరగాయల మడి రోజుకు ఆరేడు మిల్లీమీటర్ల నీళ్ళు తాగుతుంది. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు అంటే సరిగ్గా ఒక లీటరు. ఆ లెక్కన గుంటకు రోజూ 600 నుంచి 700 లీటర్లు, ఐదు గుంటలకు 3,500 దాకా. ఏప్రిల్ బోరు రెండున్నర గంటలు పోస్తే గానీ తీరదు. మాకున్నది ఇరవై గుంటలు. అందులో కొన్ని మామిడి, బత్తాయి చెట్లున్నాయి, వాటికీ దాహమే. అందుకే ఎండకాలం కూరగాయలు ఐదు గుంటలు దాటనివ్వను. "భూమంతా బీడు పెట్టినవేంది బిడ్డా?" అని పక్క చేను పెద్దవ్వ అడుగుతుంటుంది. "నీళ్ళు నువ్విస్తవా పెద్దవ్వా?" అంటే నవ్వి ఊరుకుంటుంది.

మనకు వసంతం పేరుకు ఉగాదితో మొదలవుతుంది గానీ, చేనుకు అప్పటికే ఆలస్యం. సంక్రాంతి చలి విరగడంతోనే గింజ పడాలి, ఫిబ్రవరి నడుమకల్లా ఇత్తడం అయిపోవాలి. మార్చిలో పెట్టిన బెండ కాతకు వచ్చేసరికి మే ఎండలుంటాయి, తెల్లదోమ పెరిగి ఉంటుంది.

చెలక నేలలో నీళ్ళు నిలవవు. గంటసేపు పారిస్తే సగం వేర్ల కిందికి దిగిపోతుంది. దానికి మందు పెంట ఎరువే, గుంటకు 200 నుంచి 250 కిలోలు. బాగా మాగి, చేతిలో పట్టుకుంటే పొడిపొడిగా రాలాలి. పచ్చి పెండ వేస్తే చెదలు, వేరుపురుగు వెంటబడి వస్తాయి. చెరువు మట్టి దొరికితే ఇంకా మంచిది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టిని చాలామంది రైతులు చేన్లకు తోలుకున్నారు. చెలకలో అది కలిస్తే తడి ఎక్కువసేపు ఆగుతుంది.

బెండ గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున నీడలో ఆరబెట్టి పెట్టండి. వానకాలంలో మొక్క గుబురుగా పెరుగుతుంది కాబట్టి ఎడం కావాలి. ఎండకాలం అంత పెరగదు. సాలుకు సాలుకు మూరెడు, మొక్కకు మొక్కకు జానెడు చాలు. దగ్గరగా ఉంటే నేల మీద నీడ పడి తడి ఆరదు కూడా. అర్క అనామిక లాంటి రకాలు పల్లాకు తెగులును కొంత తట్టుకుంటాయి. అయినా ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారిన మొక్క కనిపిస్తే జాలిపడకుండా పీకెయ్యండి. ఆ తెగులును ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసేది తెల్లదోమే. పీకిన చోట మళ్ళీ గింజ పెట్టకండి, నాలుగు కాయలు తక్కువైతే తక్కువే.

గోకరకాయ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు తక్కువైనా ఓర్చుకుంటుంది, పూసా నవబహార్ అయితే కొమ్మలు వేయకుండా నిలువుగా పెరుగుతుంది. కోతులు కూడా మా చేన్లో దాని జోలికి అంతగా పోవు. బెండ, దోస మాత్రం వాటి సొత్తే.

పందిరి మీదికి బీర, ఆనిగెపుకాయ, కాకర. పాదుకు మూడు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచండి. నెమళ్ళు లేత మొలకను కొరికేస్తాయి కాబట్టి మొదట్లో పాదు చుట్టూ తుమ్మ కంప పేర్చాలి. ఎండ ముదిరేకొద్దీ తీగకు మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి మూడు గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయి.

పూలు బాగానే ఉండి పిందె ఎండి రాలుతుంటే నీళ్ళను, ఎరువును అనుమానించకండి, పుప్పొడి అందలేదేమో చూడండి. ఇక్కడ వేళ తెలియాలి. కాకర, దోస పూలు పొద్దున విచ్చుకుంటాయి. బీర, ఆనిగెపు పూలు పొద్దుగూకే వేళకు. బడి నుంచి వచ్చి నేను చేసే పని ఇదే: విచ్చిన మగపువ్వు తెంపి, రెక్కలు వలిచి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడిమిలో మెల్లగా రుద్దుతాను. తేనెటీగలు తగ్గిన తోటలో ఇది చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

పండు ఈగ కుట్టిన కాయ వంకర తిరిగి, గాటు దగ్గర జిగురు కారుతుంది. అట్లాంటివి, రాలినవి కూడా, గట్టు మీద పారేస్తే లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తుంది. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి ఎండలో పడేయండి. క్యూ లూర్ ఎర పెట్టిన బుట్టలు మగ ఈగల్ని పడతాయి. రసం పీల్చే పురుగులకు వేప పలుకులు లీటరుకు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. ఎండకు దాని బలం పోతుంది. గంధకం పొడి మాత్రం ఎండకాలంలో తీగజాతి మీద కొట్టకండి, ఆకులు మాడిపోతాయి.

ఆకుకూరలకు వేరే నేల అక్కర్లేదు. పందిరి అల్లుకున్నాక దాని నీడలోనే తోటకూర, పాలకూర. కొత్తిమీర ఎండకు తొందరగా పూతకు వస్తుంది, పెట్టినా వేలెడు కాగానే కోసుకోవాలి. పుంటికూర, గంగవాయిల కూర ఎండలోనే బాగుంటాయి.

టమాట నారు ఫిబ్రవరిలో అమ్ముతారు, కొనకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే టమాట పూత రాలిపోతుంది. మొక్క పచ్చగా ఉంటుంది, కాయ ఉండదు.

నీళ్ళు డ్రిప్పుతోనే. ఒకేసారి ఎక్కువసేపు వద్దు, తెల్లారగట్ల కొంత, పొద్దుగూకినంక కొంత. మా దిక్కు బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, రంధ్రాల దగ్గర తెల్లటి పొర కడుతుంది. వారానికోసారి పైపుల చివరి మూతలు తీసి నీళ్ళు ధారగా పోనివ్వండి. మొక్కల మొదళ్ళలో వరిగడ్డి పరచండి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కు నుంచి మోపులు దొరుకుతాయి. పాలమూరు దిక్కువాళ్ళకు పల్లికాయ పొట్టు ఉంటుంది. కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలాలి, లేకుంటే చెదలు గడ్డి నుంచి కాండానికి ఎక్కుతాయి.

బెండ, బీర రోజు విడిచి రోజు కోయండి. ఒక్క కాయ ముదిరినా మొక్క కొత్త పూత తగ్గిస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో కాపు సన్నగిల్లితే నీళ్ళు పోసి లాగకండి. మొక్కల్ని కోసి, తెగులున్నవి కాల్చి, మృగశిర వానకు ఆ ఐదు గుంటల్లో జనుము చల్లండి. పూతకు రాగానే నేలలో కలియదున్నాలి.